తెలుగులో మాస్క్డ్ ప్రైమింగ్: ఒత్తులను కప్పే మాస్క్ ఏది?

చదివేటప్పుడు మెదడు అక్షరాల వరుసను ఎంత కచ్చితంగా చూసుకుంటుందో తెలుగులో కొలిచే మాస్క్డ్ ప్రైమింగ్ ప్రయోగానికి సలహా కావాలి: ఒక మాటను గమనించలేనంత తక్కువసేపు చూపి, తర్వాతి మాటను గుర్తించడంపై దాని ప్రభావం చూస్తాం.

తెర 60 హెర్ట్జ్, అంటే సెకనుకు 60 ఫ్రేములు. ముందు 500 మిల్లీసెకన్లు హ్యాష్ గుర్తుల (####) మాస్క్, అంటే ప్రైమ్‌ను కప్పిపుచ్చే వరుస, తర్వాత 3 ఫ్రేములు, అంటే 50 మిల్లీసెకన్లు ప్రైమ్ (ఆ ముందు మాట), వెంటనే అసలు మాట. అది నిజమైన మాటో కాదో బటన్ నొక్కి చెప్పాలి.

అసలు చిక్కు మాస్క్‌తోనే. హ్యాష్ గుర్తులు ఒత్తులుండే కింది భాగాన్ని కప్పవు. ఇంగ్లీషులో అసలు మాటే ప్రైమ్‌ను చెరిపేస్తుంది. ఇక్కడ ప్రైమ్‌లో ఒత్తు ఒకచోట, అసలు మాటలో మరోచోట పడితే, ఆ ఒత్తు కంటికి దొరికిపోతుంది. అప్పుడు ఫలితం దేన్ని కొలిచినట్టు? తెలుగు అక్షరాల ముక్కలతో ఎత్తైన మాస్క్ చేసి వాడినవారు ఉన్నారా? ప్రైమ్ తర్వాత ఒక ఫ్రేము మాస్క్ పెడితే ప్రభావం నిలుస్తుందా?

రెండోది, ప్రైమ్‌లో తారుమారు చేయాల్సింది ఏది? ‘గులాబి’లో అక్షరాలను మారిస్తే ‘గుబిలా’, హల్లులను మాత్రమే మారిస్తే ‘గుబాలి’. రెండూ పెట్టి, పోలికకు ఆ హల్లుల బదులు వేరేవి పెట్టిన ‘గుపిటా’, ‘గుపాటి’ అనుకుంటున్నాం. నిడివిని యూనికోడ్ (కంప్యూటర్ అక్షరాలకిచ్చే కోడ్‌ల) సంఖ్యతో సరిచూడటం తప్పే అనిపిస్తోంది: ‘స్త్రీ’ ఒక్క అక్షరం, కోడ్‌లు 6. అక్షరాల లెక్కతో పాటు పిక్సెళ్లలో వెడల్పు కూడా సమం చేయాలా?

ఒత్తులు విడిపోకుండా మాటలన్నీ బొమ్మలుగానే చూపిస్తున్నాం.