అలెప్పీలో పెద్దవారితో హౌస్‌బోటు రాత్రి బస: సలహా కావాలి

ప్రశ్న (మల్కాజిగిరి నుంచి):

అందరికీ నమస్కారం. సంక్రాంతి సెలవుల్లో మా అత్తగారిని, మామగారిని, ఇద్దరు పిల్లలను తీసుకుని అలెప్పీ వెళ్లాలనుకుంటున్నాము. సికింద్రాబాద్‌లో శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, ఒక రాత్రి హౌస్‌బోటులో ఉండి, మర్నాడు సముద్రతీరం చూసి తిరిగి రావాలని మావారి ఆలోచన. అత్తగారికి మోకాళ్ల నొప్పులు ఉన్నాయి, మేము శాకాహారులము. ఈ ఏర్పాటు సబబేనా? వెళ్లి వచ్చినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు (దిల్‌సుఖ్‌నగర్ నుంచి):

అమ్మా, మా అమ్మగారిని తీసుకుని రెండుసార్లు వెళ్లి వచ్చాను కనుక వివరంగా రాస్తున్నాను. ముందుగా తేదీల సంగతి చూసుకోండి. మకరజ్యోతి సరిగ్గా సంక్రాంతి రోజుల్లోనే కావడం వల్ల, నవంబరు మధ్య నుంచి అప్పటిదాకా శబరి ఎక్స్‌ప్రెస్ అయ్యప్ప స్వాములతో నిండిపోతుంది, పండుగ దాటాక తిరుగు ప్రయాణానికి బెర్తు దొరకడం ఇంకా కష్టం. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు కాబట్టి ఆ ఉదయమే ప్రయత్నించండి, దొరకకపోతే ఫిబ్రవరికి వాయిదా వేసుకోవడం మేలు. ఆ రైలు కొట్టాయం మీదుగా వెళుతుందే తప్ప అలెప్పీ వెళ్లదు. ఎర్నాకుళం టౌన్‌లో దిగి కారు మాట్లాడుకోవడం పెద్దవారికి సుఖం.

ఇక హౌస్‌బోటు. నా సలహా స్పష్టంగా చెబుతాను: రాత్రి బస గట్టు మీద మంచి గదిలో పెట్టుకుని, నీటి మీద పగలు మాత్రమే తిరగండి. మొదటిసారి మేము ఇక్కడినుంచే ఫోనులో మాట్లాడి, సగం డబ్బు ముందే పంపి రాత్రి బసకు కుదుర్చుకున్నాము. తీరా రేవుకు వెళితే ఫొటోలో చూపిన పడవ ఒకటి, ఎక్కమన్న పడవ మరొకటి. మధ్యాహ్నం బయలుదేరిన పడవను సాయంత్రం అయిదున్నరకల్లా ఒడ్డుకు కట్టేశారు, ఎందుకంటే ఆ వేళ నుంచి జాలరులు వలలు వేసుకుంటారు. ఏసీ రాత్రి తొమ్మిదింటికి గాని వేయలేదు. మర్నాడు తొమ్మిదింటికి దించేశారు. లెక్క చూసుకుంటే నీటి మీద నడిచింది నాలుగైదు గంటలే.

రెండోసారి గంటల లెక్కన షికారా, అంటే పైకప్పున్న చిన్న పడవ, మాట్లాడుకున్నాము. హౌస్‌బోట్లు ఒకప్పటి కెట్టువళ్ళాల వారసులు, అంటే మేకులు లేకుండా పలకలను కొబ్బరి తాళ్లతో బిగించి కట్టిన ధాన్యపు పడవలు. చూడటానికి ఎంతో ముచ్చటగా ఉంటాయి, కానీ అంత పెద్దవి ఇరుకు కాలువల్లో పట్టవు. షికారా పడుతుంది. అలెప్పీ చుట్టుపక్కల ఉన్న కుట్టనాడు ప్రాంతంలో పొలాలు సముద్రమట్టానికి దిగువన ఉంటాయని పుస్తకాల్లో చదివినా, మా పడవ గట్టుకు ఆనుకుని వెళ్లినప్పుడే నాకది అర్థమైంది: గట్టుకు ఇవతల మేము ఎత్తున తేలుతున్నాము, అవతల వరిచేను మా కాళ్ల కంటే పల్లంలో ఉంది. మా అమ్మగారు నేత పని మానేసి యాభై ఏళ్లు దాటినా, ఒక ఇంటి ముందు ఆడవాళ్లు కొబ్బరి పీచు పేనుతుంటే పడవ ఆపించి చాలాసేపు చూశారు.

ప్రశ్న (మల్కాజిగిరి నుంచి):

ఎంతో మేలు చేశారండీ. అత్తగారు షికారాలోకి దిగగలరా? ప్రభుత్వ పడవలు కూడా ఉంటాయని విన్నాను.

జవాబు (దిల్‌సుఖ్‌నగర్ నుంచి):

షికారా అంచు తక్కువ ఎత్తులోనే ఉంటుంది గాని, అడుగు పెట్టగానే పడవ కొద్దిగా ఒరుగుతుంది. సరంగు ఒక కాలు గట్టు మీద, ఒక కాలు పడవలో ఉంచి చెయ్యి అందిస్తాడు. అత్తగారిని ముందు అంచు మీద కూర్చోబెట్టి, తరువాత కాళ్లు లోపలికి తిప్పించండి, మా అమ్మగారు అలాగే దిగారు. మెట్లున్న రేవు నుంచి ఎక్కించమని బేరం కుదిరే ముందే అడగండి, లైఫ్ జాకెట్లు ఇచ్చేవరకు పిల్లలను ఎక్కనివ్వకండి. జలరవాణా శాఖ పడవలు బస్టాండు పక్క రేవు నుంచి ఊళ్లకు నడుస్తాయి. ఛార్జీ చాలా తక్కువ, కానీ రద్దీ వేళల్లో పెద్దవారికి కష్టం. కొట్టాయం వైపు కాలువలో గుర్రపుడెక్క పేరుకుపోతే సర్వీసు ఆగిపోతుంది కూడా.

జవాబు (కూకట్‌పల్లి నుంచి):

భోజనం గురించి రెండు మాటలు. అక్కడ లావుపాటి ఎర్ర బియ్యపు అన్నం పెడతారు, మన పెద్దవారికి అది సహించదు. ‘పచ్చరి చోరు’ అని అడిగితే తెల్లన్నం వండుతారు. నూనె కొబ్బరినూనె. పధ్నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న అంబలప్పుళ శ్రీకృష్ణుని గుడిలో పాల్‌పాయసం ప్రసాదం తప్పక తీసుకోండి, మామగారికి పంచె పెట్టుకోండి, అక్కడ మగవారు చొక్కా విప్పి వెళ్లాలి.

జవాబు (దిల్‌సుఖ్‌నగర్ నుంచి):

సముద్రతీరానికి మాత్రం సాయంత్రమే వెళ్లండి. మన విశాఖలో సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, అక్కడ సముద్రంలోకి దిగుతాడు. ఓడల కోసం సముద్రంలోకి కట్టిన 1862 నాటి వంతెన మిగిల్చిన ఇనుప స్తంభాల వెనక ఆ అస్తమయం కనిపిస్తుంది. హౌస్‌బోటులో రాత్రి ఉంటే సరిగ్గా ఆ వేళకు మీరు ఎక్కడో కట్టేసిన పడవలో ఉంటారు. నాలుగింటికి షికారా దిగితే అయిదింటికల్లా తీరానికి చేరుకోవచ్చు. అలల ఉద్ధృతి ఎక్కువ కాబట్టి పిల్లలను చీలమండ దాటి నీటిలోకి వెళ్లనివ్వకండి.