తుపానుకు ఇంట్లో ఏం సిద్ధం చేసుకోవాలి? మధురవాడ, ఐదో అంతస్తు

మధురవాడ కొత్తవాళ్లం:

నమస్తే అండి. మాది వరంగల్. మా ఆయన ఉద్యోగం మారడంతో జూన్‌లో విశాఖ వచ్చాం. మధురవాడలో ఐదో అంతస్తు, అద్దె ఫ్లాట్. హాల్లో సముద్రం వైపు గోడంతా స్లైడింగ్ అద్దాలే. వాటిని చూసే ముచ్చటపడి అడ్వాన్స్ ఇచ్చేశాం. ఇప్పుడు అక్టోబరు వచ్చింది. బంగాళాఖాతంలో అల్పపీడనం అని టీవీలో వినబడితే చాలు, మా వాచ్‌మన్ "హుద్‌హుద్‌లో ఏమైందంటే అమ్మగారూ" అని మొదలుపెడతాడు. వానలు, చెరువు కట్టలు తెగడం మాకు తెలుసు గానీ ఈ గాలి సంగతి తెలీదు.

ఇంట్లో నలుగురం. మేమిద్దరం, రెండేళ్ల బాబు, మా అత్తగారు. అత్తగారికి షుగర్, రెండు పూటలా ఇన్సులిన్. కరెంటు పోయి ఫ్రిజ్ ఆగితే ఆ మందు ఏమవుతుందోనని నాకు టెన్షన్. నెట్‌లో లిస్టులు చూస్తే డబ్బాల్లో తిండి, స్లీపింగ్ బ్యాగులు, ఏదో కొండలెక్కడానికి వెళ్లేవాళ్లకు రాసినట్టున్నాయి. నిజంగా తుపాను చూసినవాళ్లు ఏం కొనాలో, ఏం చేయాలో చెప్పండి. మా ఆయన మాత్రం అద్దాలకు టేపు అంటిస్తే చాలంటున్నారు.

పెదవాల్తేరు పిన్ని:

అమ్మాయ్, ముందు మీ ఆయన చేతిలోంచి ఆ టేపు తీసి దాచెయ్.

హుద్‌హుద్ తుపాను ముందురోజు, 2014 అక్టోబరు 11, శనివారం రాత్రి మా ఆయన కూడా రెండు చుట్టల టేపు పట్టుకుని అన్ని కిటికీలకూ ఇంటూ మార్కులు వేశారు, తప్పు లెక్కలు దిద్దినట్టు. ఆదివారం పొద్దున్న పడగ్గది కిటికీ ఫ్రేముతో సహా ఊడొచ్చి మంచం మీద పడింది. టేపు మాత్రం భేషుగ్గా ఉంది! అద్దం పగలకుండా టేపు ఆపదు, పైగా ముక్కలు పెద్దవిగా పడతాయి. కిటికీలన్నీ గడియ వేసి, కింద సందుల్లో పాత దుప్పట్లు కుక్కండి. గాలికి వాన అడ్డంగా కొట్టి, మూసిన కిటికీలోంచే నీళ్లు లోపలికి వస్తాయి. మాకు హాల్లో చీలమండల దాకా వచ్చాయి. మాది మూడో అంతస్తు, అర్థం చేసుకో.

ఆ పూట మీ అద్దాల హాల్లో ఎవరూ ఉండొద్దు. ముందురోజే టీవీ, బాబు బొమ్మలు లోపలికి చేర్చి తలుపు వేసెయ్యండి. కిటికీ లేని చోటేదో ఇప్పుడే చూసి పెట్టుకో. మాకు వంటింటికీ బాత్‌రూముకీ మధ్య చిన్న నడవా ఉంది. ఆరుగురం అందులోనే పరుపులేసుకుని కూర్చున్నాం.

ఇంకో మాట. పొద్దున్న ఉత్తరం వైపు నుంచి కొట్టింది గాలి. మధ్యాహ్నం ఉన్నట్టుండి ఆగిపోయింది. ఆకు కదల్లేదు. మా ఆయన పోర్టులో పనిచేసిన మనిషి, "ఇది తుపాను కన్ను, అంటే నడిమధ్య, ఇంకో సగం ఉంది" అని మమ్మల్ని కదలనివ్వలేదు. కింది ఇంటాయన మాత్రం స్కూటరు ఎలా ఉందో చూద్దామని దిగాడు. కాసేపటికి దక్షిణం నుంచి మొదలైంది, మొదటిదానికన్నా గట్టిగా. పాపం, పైకి రాలేక చీకటిపడే దాకా మెట్ల కింద మీటర్ల పెట్టె పక్కనే నక్కి కూర్చున్నాడు. గాలి ఆగిందని దిగకండి. అయిపోయిందని వాతావరణ శాఖ చెప్పాలి, మన చెవులు కాదు.

గాలి ఒక్క పూట. ఆ తర్వాతే అసలు కథ. మా వీధికి ఆరు రోజులు కరెంటు రాలేదు. కరెంటు పోతే చీకటి అనుకుంటాం. నీళ్లు కూడా ఉండవని ఎవరికీ తట్టదు. మోటారు తిరగకపోతే పైన ట్యాంకు ఖాళీ. మేము శనివారం రాత్రే బిందెలు, బకెట్లు, ఆఖరికి ప్రెషర్ కుక్కరు కూడా నింపుకున్నాం, ఏదో గొప్పగా. రెండు రోజులకు అయిపోయాయి. ఎక్కడికి పోయాయంటావ్? బాత్‌రూముకి! ఒక్కసారి ఫ్లష్ నొక్కితే అర బకెట్టు. తాగే నీళ్లు మనిషికి రోజుకు మూడు నాలుగు లీటర్లు చాలు వంటతో కలిపి. ఆ మిగతా నీళ్ల కోసమే పెద్ద డ్రమ్ము కావాలి. వంద లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ము ఒకటి మూతతో కొను. ఫ్లష్ ట్యాంకు పైపు కట్టేసి మగ్గుతో పోసుకోండి. వాన నీళ్లు పట్టి దానికే వాడండి.

కింద సంపులో నీళ్లున్నాయి మాకు. కానీ తోడేదెలా? పదహారు ఫ్లాట్లలో ఒక్క ఇంట్లోనూ తాడు లేదు. చివరికి తెగి వేలాడుతున్న కేబుల్ టీవీ వైరు కోసి బకెట్టుకు కట్టి తోడుకున్నాం. అప్పటినుంచి మా ఇంట్లో ఇరవై మీటర్ల నైలాన్ తాడు, ఒక చేద బకెట్టు మంచం కింద ఉంటాయి. మా కోడలు నవ్వుతుంది. నవ్వనీ.

పైన ట్యాంకు ముందురోజే నిండుగా నింపమని మీ అసోసియేషన్‌కు చెప్పు. ఖాళీ ప్లాస్టిక్ ట్యాంకులు ఎగిరి పక్క మేడల మీద పడ్డాయి. నిండు ట్యాంకు కదల్లేదు.

డబ్బులు. అప్పుడు ఏటీఎంలు పనిచేయలేదు. ఇప్పుడైతే టవర్లు పడితే ఫోన్‌లో స్కాన్ చేయడమూ ఉండదు. ఐదారు వేలు పది, ఇరవై, యాభై, వంద నోట్లుగా ఉంచు. ఐదొందల నోటిస్తే చిల్లర లేదని పాలవాడు ప్యాకెట్టు వెనక్కి తీసుకున్నాడు నా చేతిలోంచి. ఆ ప్యాకెట్టు కూడా యాభై రూపాయలు చెప్పాడు. బాబుకి పాలపొడి, డైపర్లు వారానికి సరిపడా తెచ్చి పెట్టు.

తిండి గురించి నాకు పెద్ద బెంగ లేదు. అటుకులు, ఉప్మా నూక, బియ్యం, పప్పు, ఆవకాయ ఉన్న ఇంట్లో ఎవరూ ఆకలితో పడుకోరు. గ్యాసు మాత్రం రెండో సిలిండరు నిండుగా ఉండాలి. గాలి కొట్టేటప్పుడు రెగ్యులేటర్ కట్టెయ్. అగ్గిపెట్టెలు ప్లాస్టిక్ డబ్బాలో వెయ్యి. మావి చెమ్మపట్టి ఒక్కటీ వెలగలేదు, దేవుడి దగ్గర దీపం కూడా పెట్టలేకపోయాం. టార్చిలు రెండు, సెల్స్ విడిగా. మా పాత రేడియో బయటికి తీస్తే లోపల సెల్స్ కారి తుప్పు పట్టి ఉన్నాయి.

మధురవాడ కొత్తవాళ్లం:

పిన్నిగారూ, చదువుతుంటే భయమూ నవ్వూ రెండూ వచ్చాయి. తాడు, బకెట్టు ఇవాళే తెప్పిస్తాను. ఇన్సులిన్ గురించి ఎవరైనా చెప్పగలరా?

గాజువాక మందుల షాపు:

అమ్మా, నేను ఫార్మసిస్టుని. వాడటం మొదలుపెట్టిన సీసా లేదా పెన్ను ఫ్రిజ్ బయట, 30 డిగ్రీలు దాటని చోట సాధారణంగా నాలుగు వారాలు ఆగుతుంది. రకాన్ని బట్టి మారుతుంది, పెట్టెలోని కాగితం చూడండి. తెరవనివి మాత్రం 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఫ్రిజ్ ఆగితే పాత పద్ధతే మంచిది. పెద్ద మట్టికుండలో తడి ఇసుక, అందులో చిన్న కుండ, చిన్న కుండలో సీసాలు, పైన తడిగుడ్డ. నీడన గాలి తగిలేచోట పెట్టండి. ఫ్రిజ్ అంత చల్లగా ఉండదు గానీ ఎండవేడి నుంచి కాపాడుతుంది. ఐస్ ముక్కల్లో నేరుగా పెట్టకండి. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ మళ్లీ కరిగినా పనికిరాదు, పారేయాలి.

చాలామంది మందు తెచ్చుకుని సూదులు, గ్లూకోమీటర్ స్ట్రిప్పులు మర్చిపోతారు. పదిహేను రోజులకు సరిపడా ఉంచండి. ఆ రోజుల్లో భోజనం వేళకు అందదు, ఇంజెక్షన్ మాత్రం వేళకు వేసేస్తారు, షుగర్ పడిపోతుంది. పెద్దావిడ దిండు పక్కన గ్లూకోజు పొడో, బెల్లం ముక్కో ఉండాలి. తిండి తగ్గితే డోసు ఎంత తగ్గించాలో మీ డాక్టరుని ఇప్పుడే అడిగి కాగితం మీద రాయించుకోండి. తుపాను రోజు ఫోన్ కలవదు.

బీచ్ రోడ్డు బాబాయ్:

ప్రతి అక్టోబరులో ఇదే గోల. పది చెప్తారు, తొమ్మిది ఒడిశా పోతాయి. ఊరికే ఆ పిల్లని బెదరగొడుతున్నారు.

పెదవాల్తేరు పిన్ని:

సగం నిజమే బాబాయ్‌గారూ, నేనూ అల్పపీడనం అనగానే బిందెలు బయటికి తీయను. అల్పపీడనం, వాయుగుండం, తీవ్ర వాయుగుండం, ఆ తర్వాత గాలి గంటకు 62 కిలోమీటర్లు అందుకుంటే తుపాను అని పేరు పెడతారు. వాయుగుండం అన్నప్పుడు మందులు, గ్యాసు చూసుకుంటాను. పేరు పెట్టి మన తీరం అన్నారంటే డ్రమ్ము నింపుతాను. అది ఒడిశా పోతే ఆ నీళ్లతో బట్టలు ఉతుక్కుంటాను. పోయిందేముంది?

ఉద్దానం జీడితోట:

అక్కా, మాది పలాస దగ్గర. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా మీదే తీరం దాటింది. కొబ్బరి, జీడి మొత్తం పడుకుంది. పిన్నిగారు నీళ్ల గురించి చెప్పింది అక్షరాలా నిజం. మా ఊళ్లో జనరేటర్ అద్దెకు తెచ్చి, గంటల లెక్కన ఒక్కో బోరు ఆడించుకున్నాం. ఫోన్ చార్జింగ్‌కి ఆ జనరేటర్ వాడు ఇరవై రూపాయలు తీసుకునేవాడు, దాని ముందు క్యూ. పవర్ బ్యాంకు ఉంటే నిండా చార్జి చేసి ఉంచండి. ఫోన్ అవసరం లేనప్పుడు ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. సిగ్నల్ సన్నగా ఉన్నప్పుడు కాల్ కలవకపోయినా మెసేజీ వెళ్తుంది.

నేను చెప్పాలనుకున్నది ఇంకొకటి. చెట్లు పడి దారులు మూసుకుపోయాయి. అంబులెన్స్ రాదు, వచ్చినా మన వీధి దాకా రాదు. మా వైపు కిడ్నీ జబ్బు ఎక్కువని మీకు తెలిసే ఉంటుంది. డయాలసిస్ రోజు తప్పకూడని మా మావయ్యని గొడ్డళ్లు, రంపాలు పట్టుకుని పది మందిమి ముందు నడిచి, కొమ్మలు కొడుతూ బండి మీద తీసుకెళ్లాం. నాలుగు కిలోమీటర్లకి మధ్యాహ్నం అయింది. నెలలు నిండిన ఆడవాళ్లు, ఇలాంటి రోగులు ఉంటే తుపాను రాకముందే ఆసుపత్రి ఉన్న ఊరికి చేరాలి. మీ అత్తగారు బాగానే ఉన్నారంటే ఇంట్లో ఉండొచ్చు.

ఇల్లు, బండి, సామాను ముందురోజే ఫోన్‌లో వీడియో తీసి ఎవరికైనా పంపండి. నష్టం రాయించుకునేటప్పుడు "అంతకుముందు ఎలా ఉందో చూపించు" అంటారు. మా తోట పచ్చగా ఉన్న ఫోటో ఒక్కటీ లేదు నా దగ్గర. చెల్లి పెళ్లి ఆల్బమ్‌లో వెనకాల కనబడితే అదే చూపించాను.

అవనిగడ్డ మనిషి:

ఇక్కడ చెప్పినవన్నీ గాలిని తట్టుకోవడానికి. ఒడ్డున పల్లంలో ఉన్నవాళ్లు ఇవి చదివి ఇంట్లో కూర్చోకూడదని రాస్తున్నా. 1977 నవంబరు 19న మా దివిసీమలో మనుషుల్ని తీసుకుపోయింది ఉప్పెన. మా నాన్న తాడిచెట్టుకి పంచెతో కట్టేసుకుని బతికాడు, ఇద్దరు మేనత్తలు దొరకలేదు. అక్కడ డ్రమ్ములూ టార్చిలూ ఏం చేస్తాయి? ఖాళీ చేయమన్నారంటే గొడ్లని విప్పేసి, కాగితాలు తీసుకుని తుపాను షెల్టరుకి పోవడమే. మీ చుట్టాలెవరైనా భీమిలి దగ్గర ఒడ్డునే ఉంటే ముందే మీ ఇంటికి పిలిపించుకోండి.

మధురవాడ కొత్తవాళ్లం:

అందరికీ చాలా థాంక్స్ అండి. ఇవాళ డ్రమ్ము, తాడు వచ్చాయి. కుమ్మరి దగ్గర కుండలు దొరికాయి, అత్తగారు ఇసుక తడిపి పెట్టి చూసుకుంటున్నారు, ఆవిడకి ఇదో ఆటలా ఉంది. ఆధార్, పాస్‌బుక్కులు, బాబు టీకాల కార్డు ఒక ప్లాస్టిక్ సంచిలో పెట్టాను. 108, 112, కరెంటువాళ్ల 1912, మా అన్నయ్య నంబరు కాగితం మీద రాసి అందులోనే వేశాను. ఫోన్ ఆగిపోతే నాకు మా ఆయన నంబరు కూడా గుర్తుండదని అప్పుడే తెలిసింది! మా ఆయన ఆ టేపుతో సంచి మూతికి నాలుగు చుట్లు వేసి, "చూశావా, పనికొచ్చింది" అన్నారు. ఇంకేమైనా మర్చిపోయానా పిన్నిగారూ? బాల్కనీలో పూలకుండీలు, తులసి కోట ఉన్నాయి, అవి ఉంచొచ్చా?

పెదవాల్తేరు పిన్ని:

అన్నీ లోపలికి. తులసమ్మతో సహా. మా ఎదురు మేడ వాళ్ల గులాబీ కుండీ మా కారు అద్దంలోంచి లోపలికి వెళ్లి సీట్లో కూర్చుంది. బట్టల స్టాండు, చీపురు, బాబు సైకిలు కూడా తీసెయ్. కారు చెట్టు కింద పెట్టొద్దని మీ ఆయనకి చెప్పు.