నల్లూరు చింతతోపులో చూసిన ఈ లైకెన్ ఏదో చెప్పగలరా?

అందరికీ నమస్కారం. మేముండేది బెంగళూరు శివారు, దేవనహళ్ళి దగ్గర. ఇక్కడి నల్లూరు చింతతోపు దేశంలోనే మొదటి జీవవైవిధ్య వారసత్వ స్థలం, 2007లో ప్రకటించారు. మొన్న వానలయ్యాక వెళ్తే, బాగా ముదిరి తొర్రపడిన ఒక చింతమాను మీద లైకెన్ (బెరడుకు అంటుకుని పొరలా పెరిగే జీవి) కనబడింది. అరచేయంత ఉంది, బూడిద కలిసిన లేతాకుపచ్చ. అంచులు మడతలు పడి పైకి లేచాయి, అడుగు నల్లగా ఉంది. అంచు పొడవునా తెల్లటి పిండిలాంటి పొడి. మసాలాలో వేసే రాతిపువ్వుకి దగ్గరి జాతేమో అనుకుంటున్నాను. చుట్టూ ఉన్న లేత చెట్ల మీద మాత్రం ఎక్కడా లేదు.

కొన్ని లైకెన్లు ముసలి చెట్ల గరుకు బెరడు మీదే బతుకుతాయని చదివాను. ఇదీ అలాంటి అరుదైనదేనా? ఫొటోతో తేలుతుందా, లేక పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి రంగు చూడాల్సిందేనా? అక్కడ ముక్క గిల్లడం నాకిష్టం లేదు. ఏ కోణాల్లో ఫొటోలు తీస్తే మీకు పనికొస్తాయి?

ఇంకో బెంగ. అక్కడికొచ్చిన పెద్దాయన ఒకరు ఇది చెట్టుకు పట్టిన తెగులని, గీకి సున్నం కొట్టాలని అంటున్నారు. లైకెన్ చెట్టు రసం పీల్చదు కదండీ. శిలీంధ్రం, శైవలం (నాచులాంటిది) కలిసి బతికే జీవి అది, శైవలమే ఎండతో తిండి తయారుచేస్తుంది. ఈ మాటే కన్నడలో తేలిగ్గా రాసిపెట్టగలవారు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి, ఆయనకు చూపిస్తాను.