హంటర్ బైడెన్ మీద కోర్టులో నిజంగా రుజువైందేంది? బావతో బిర్యానీ పందెం పడింది, చెప్పండప్పా

ఉగ్గాని_బజ్జి (కర్నూలు):
అందరికీ నమస్తే. మాది సి.క్యాంపు. మా బావ డల్లాస్ నుంచి లీవు మీద వచ్చిండాడు, మనిషి మంచోడే గానీ ట్రంప్ పేరెత్తితే పూనకం వస్తుంది. నిన్న పొద్దున ఉగ్గాని తింటా మొదలుపెట్టినాడు, అమెరికా మాజీ ప్రెసిడెంట్ బైడెన్ కొడుకు హంటర్ ఉక్రెయిన్లో లంచాలు తిన్నాడు, ల్యాప్‌టాప్‌లో అంతా దొరికింది, వాళ్ల నాయన క్షమాభిక్ష పెట్టి కేసు మూసేసినాడు అని. బావా, ఉక్రెయిన్ లంచం మీద అసలు కేసే పడలేదు కదా అన్నా. కర్నూల్లో కూర్చోని నీకేం తెలుసురా అన్నాడు. నాకు రోషం వచ్చింది, మటన్ బిర్యానీ పందెం కట్టినా. ఇప్పుడు భయమైతాంది. రుజువైంది ఏది, పుకారు ఏది కొంచెం విడదీసి చెప్పండి. ఇంకోటి, ప్రెసిడెంట్ అయినా సొంత కొడుకునే ఎట్ల క్షమిస్తాడు, మన కాడ అట్ల కుదురుతుందా?

తుంగభద్ర_గట్టు:
బిర్యానీ నీదే తమ్ముడూ, కానీ మీ బావ పూర్తిగా తప్పు కూడా కాదు, అదే తలనొప్పి.

కోర్టులో తేలినవి రెండే. ఒకటి తుపాకీ కేసు. 2018 అక్టోబర్‌లో రివాల్వర్ కొనేటప్పుడు ఫారంలో డ్రగ్స్ వాడుతున్నారా అని అడిగితే లేదని రాసినాడు, అప్పటికి క్రాక్ కొకైన్ అలవాటు ఉంది. ఆ తుపాకీ ఆయన కాడ ఉన్నది 11 రోజులే, దానికి 2024 జూన్‌లో డెలావేర్ రాష్ట్రంలో జ్యూరీ మూడు నేరాల కింద దోషి అనింది. రెండోది టాక్స్. 2016 నుంచి 2019 దాకా కనీసం 14 లక్షల డాలర్ల పన్ను టైముకు కట్టకుండా ఆ డబ్బు జల్సాలకు తగలేసినాడు, తర్వాత కట్టేసినా కేసు ఆగలేదు, 2024 సెప్టెంబర్‌లో తొమ్మిది అభియోగాలూ ఒప్పుకున్నాడు. రెండిట్లోనూ శిక్ష చెప్పకముందే డిసెంబర్ 1న నాయన క్షమాభిక్ష మీద సంతకం పెట్టేసినాడు. అంతకుముందు నేను క్షమించను అని పదే పదే చెప్పిన మనిషే.

ఇంక బురిస్మా. ఉక్రెయిన్ గ్యాస్ కంపెనీ అది. 2014లో హంటర్‌ని బోర్డులో పెట్టుకున్నారు, ఏడాదికి సుమారు 10 లక్షల డాలర్లు. గ్యాస్ గురించి ఈయనకి ఏం తెలుసని అడగద్దు, అప్పుడు ఉపాధ్యక్షుడిగా ఉక్రెయిన్ వ్యవహారం చూస్తా ఉన్నది వాళ్ల నాయన, అది చాలు. ఇంటిపేరు అమ్ముకున్నాడు అనడానికి నాకు మొహమాటం లేదు. కానీ ఇంటిపేరు అమ్ముకోవడం నేరం కాదు, అది అమెరికా చట్టం తీరు.

డెలావేర్_బాబాయ్:
మాది కోడుమూరు, ఇక్కడ డెలావేర్‌లో విల్మింగ్టన్ పక్కనే ఉంటా. ల్యాప్‌టాప్ గురించి రెండు మాటలు. 2019లో హంటర్ తన ల్యాప్‌టాప్‌ని మా ఊర్లోనే ఒక రిపేర్ షాపులో ఇచ్చి మళ్లీ తీసుకోడానికి పోలేదు. 2020 అక్టోబర్‌లో, సరిగ్గా ఎలక్షన్ ముందు, అందులోని మెయిళ్లు న్యూయార్క్ పోస్ట్ పేపర్ వేస్తే ట్విట్టర్ లింకునే ఆపేసింది, 51 మంది మాజీ ఇంటెలిజెన్స్ వాళ్లు ఇది రష్యా పని లాగా ఉంది అని లెటర్ రాసినారు. తీరా చూస్తే 2024 తుపాకీ కేసులో ప్రభుత్వ లాయర్లే ఆ ల్యాప్‌టాప్ జ్యూరీ ముందు పెట్టినారు. కాబట్టి ల్యాప్‌టాప్ అబద్ధం అనేవాళ్లతో పందెం కట్టద్దు, ఓడిపోతావు. నాయనకి లంచం ముట్టింది అనేదానికి మాత్రం రుజువు దొరకలేదు. బురిస్మా వాళ్లు తండ్రీకొడుకులకి చెరి 50 లక్షల డాలర్లు ఇచ్చినారని ఎఫ్‌బీఐకి చెప్పిన ఇన్‌ఫార్మర్ ఒకడు, అలెగ్జాండర్ స్మిర్నోవ్, అది కట్టుకథ అని వాడే 2024 డిసెంబర్‌లో ఒప్పుకున్నాడు, ఆరేళ్లు శిక్ష పడింది.

మీ బావ ఇంకోటి ఎత్తుతాడు చూడు, బురిస్మా మీద విచారణ ఆపడానికి బైడెన్ ఉక్రెయిన్ ప్రాసిక్యూటర్‌ని తీసేయించినాడు అని. తీసేయించిన మాట నిజమే, వంద కోట్ల డాలర్ల లోన్ గ్యారంటీ ఆపుతానని బెదిరించినా అని 2018లో ఒక సభలో ఆయనే మీసం తిప్పినట్టు చెప్పుకున్నాడు. కానీ యూరోపియన్ యూనియన్, ఐఎంఎఫ్ కూడా అప్పట్లో ఆ ప్రాసిక్యూటర్ మీద అసంతృప్తిగానే ఉన్నాయి, అవినీతి కేసులు తొక్కిపెడుతున్నాడని.

గ్రూప్‌వన్_ఐదోసారి:
క్షమాభిక్ష నా సబ్జెక్టు కాబట్టి దూరుతా ఉన్నా, సారీ. అమెరికాలో ప్రెసిడెంట్ శిక్ష పడకముందే, అసలు కేసు పెట్టకముందే కూడా క్షమించొచ్చు. హంటర్‌కి ఇచ్చింది 2014 జనవరి 1 నుంచి 2024 డిసెంబర్ 1 దాకా చేసిన, చేసుండొచ్చు అన్న ఫెడరల్ (అంటే అక్కడి కేంద్ర చట్టాల కింది) నేరాలన్నిటికీ. 2014 అంటే బురిస్మాలో చేరిన సంవత్సరమే, గమనించినారా?

మన రాజ్యాంగం 72వ ఆర్టికల్‌లో అట్ల కుదరదు, అక్కడ ఉన్న మాటే దోషిగా తేలిన వ్యక్తి అని. పైగా రాష్ట్రపతి మంత్రిమండలి సలహా ప్రకారమే చేయాల, గవర్నర్‌కి ఉండే 161వ ఆర్టికల్ కూడా అంతే. అయినా రాజకీయం దూరదా అంటే, దూరుతుంది, దానికి లీడింగ్ కేసు మన పాత కర్నూలు జిల్లాదే! నందికొట్కూరు వైపు ఒక నాయకుడికి హత్య కేసులో పడిన శిక్ష గవర్నర్ తగ్గిస్తే, చనిపోయినోళ్ల తాలూకు వాళ్లు సుప్రీంకోర్టుకి పోయినారు, 2006లో కోర్టు ఆ ఆర్డర్ కొట్టేసింది. ఏపూరు సుధాకర్ కేసు అంటారు. కులం, మతం, పార్టీ విధేయత చూసి క్షమాభిక్ష ఇస్తే చెల్లదు అనింది. మొన్న మెయిన్స్‌కి ఇదే చదివిపోయినా, రాలేదు, అది వేరే ఏడుపు.

రాయల్_రిటైర్డ్:
ఇంత దూరం ఎందుకు పోతారు నాయనా. మా మండలంలో నాయకుని కొడుకు ఇంటర్ తప్పి క్వారీ కాంట్రాక్టర్ అయినాడు, రాళ్ల గురించి ఏం తెలుసని ఎవురూ అడగలే.

ఉగ్గాని_బజ్జి:
అందరికీ థాంక్స్. పొద్దున్నే ఇదంతా బావకి చదివి వినిపించినా. ల్యాప్‌టాప్ కాడ ఎగిరి గంతేసినాడు, స్మిర్నోవ్ కాడ ఫోన్ వచ్చిందని లేచి బయటికి పోయినాడు. అక్క తీర్పు చెప్పింది, డ్రా అంట, ఇద్దరూ సగం సగం వేసుకోవాలంట. డాలర్లలో సగమా రూపాయల్లో సగమా అని అడుగుతా ఉన్నా, ఇంకా జవాబు రాలే.