యోహాను 8లోని స్త్రీ కథ: తీసేయాలా, ఉంచాలా? బాసెల్ రాతప్రతి మీద చర్చ

కృష్ణాతీరం:
అందరికీ వందనాలు. మొన్న మా బైబిల్ స్టడీలో పెద్ద గొడవే అయింది. వ్యభిచారమందు పట్టబడిన స్త్రీని రాళ్లతో కొట్టాలని తీసుకొస్తే యేసు కాపాడిన కథ (యోహాను 7:53 నుంచి 8:11 వరకు) చదువుతుంటే ఒక తమ్ముడు లేచి, "ఇది ప్రక్షిప్తం, అంటే తర్వాత ఎవరో చేర్చింది, పాత ప్రతుల్లో లేదు, దీని మీద ప్రసంగాలు చేయకూడదు" అన్నాడు. వెనక వరసలో కూర్చున్న ఒక అమ్మకు కళ్లలో నీళ్లు తిరిగాయి. పాతికేళ్ల కిందట ఆ ఒక్క కథే తనను మందిరం దాకా తీసుకొచ్చిందని తర్వాత నాతో చెప్పింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇంటికొచ్చి చదవడం మొదలుపెట్టాను. స్విట్జర్లాండ్‌లో బాసెల్ యూనివర్సిటీ లైబ్రరీలో 12వ శతాబ్దపు గ్రీకు రాతప్రతి ఒకటి ఉంది. గ్రీకు చిన్నక్షరాల ప్రతుల జాబితాలో దాని నంబరు 1. అందులో ఈ కథ 8వ అధ్యాయంలో లేదు, యోహాను సువార్త అంతా అయిపోయాక చివర్లో ఉంది. దీన్నెలా అర్థం చేసుకోవాలి? కథ ఉన్నట్టా, లేనట్టా? తెలిసినవాళ్లు చెప్పండి.

సత్యాన్వేషి:
లేనట్టే బ్రదర్. ఆ తమ్ముడు చెప్పింది నిజం. సుమారు క్రీ.శ. 200 నాటి పపైరస్ 66 అనే జమ్ము కాగితపు ప్రతిలో లేదు, పపైరస్ 75లో లేదు, 4వ శతాబ్దపు సినాయ్ ప్రతిలో, వాటికన్ ప్రతిలో లేదు. వాటి ముందు 12వ శతాబ్దపు ప్రతి ఎంత? వెయ్యేళ్ల తర్వాత ఎవరో ఎక్కడో అతికించారు. ఇంకో సంగతి, డచ్చి పండితుడు ఎరాస్మస్ 1516లో బాసెల్‌లోనే గ్రీకు కొత్త నిబంధన అచ్చేసినప్పుడు ఈ నంబరు 1 ఆయన దగ్గరే ఉంది. అయినా సువార్తలకు 2వ నంబరు ప్రతినే ప్రెస్సుకిచ్చాడు. అందులో కథ 8వ అధ్యాయంలో ఉంది కాబట్టి అచ్చులోకీ అలాగే వచ్చింది. అంతకుమించి ఇందులో ఏమీ లేదు.

పాతప్రతి:
సత్యాన్వేషి గారూ, "12వ శతాబ్దపు ప్రతి ఎంత?" అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. ప్రతి వయసు వేరు, అందులోని పాఠం వయసు వేరు. మన దగ్గర నూట యాభై ఏళ్ల నాటి కాగితపు ప్రతిలో, దానికంటే ఎన్నో తరాల ముందు నాటి తాళపత్రంలోని పాఠం చెక్కుచెదరకుండా ఉండొచ్చు. ఎత్తి రాసినవాడు ఏ మూలప్రతిని ముందు పెట్టుకున్నాడన్నదే అసలు ప్రశ్న.

ఈ నంబరు 1కి అన్నదమ్ముల్లాంటి ప్రతులు మరికొన్ని ఉన్నాయి. పండితులు వాటన్నిటినీ కలిపి "కుటుంబం 1" అంటారు. వాటిలో 1582 నంబరు ప్రతిని 948-49లో ఎఫ్రాయిము అనే సన్యాసి రాశాడు. అది ఇప్పుడు గ్రీసులో అథోస్ పర్వతం మీద వాటోపెడి మఠంలో ఉంది. ఎఫ్రాయిము మార్జిన్లలో ఓరిజెన్ లాంటి ప్రాచీన పితరుల, అంటే తొలినాటి సంఘ గురువుల, పాఠాలను కూడా ఎక్కించాడు. అందుకే ఈ కుటుంబం మూలప్రతి 5వ శతాబ్దం చివరిదని పండితుల అంచనా.

ఇప్పుడు బాసెల్ ప్రతి దగ్గరికి రండి. చిన్న పుస్తకం, సుమారు 18 సెంటీమీటర్ల ఎత్తు. యోహాను 21:25 అయ్యాక వెంటనే కథ మొదలుకాదు. ముందు ఒక గమనిక ఉంది. దాని సారాంశం ఇదీ: వ్యభిచారిణి గురించిన ఈ భాగం ఎక్కువ ప్రతుల్లో లేదు, వ్యాఖ్యానాలు రాసిన పితరులు, అంటే క్రిసోస్తమ్, అలెగ్జాండ్రియా సిరిల్, మోప్సుయెస్తియ థియొడోర్, తక్కినవాళ్లు, దీన్ని ప్రస్తావించలేదు, అందుకని దాని చోట రాయకుండా వదిలేశాను. ఆ తర్వాత, "గలిలయలో ఏ ప్రవక్తయు పుట్టడు" అన్న మాట వెంటనే ఈ భాగం వస్తుందని దాని చోటు కూడా చూపించాడు. అప్పుడు కథ మొత్తం రాశాడు.

ఆ గమనిక చదివినప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది. ఆ లేఖకుడు ఏమీ దాచలేదు. ఎక్కువ ప్రతుల్లో లేదని ఒప్పుకున్నాడు, ఎవరెవరు ప్రస్తావించలేదో పేర్లతో చెప్పాడు, అయినా పారేయలేదు. "ఎవరో ఎక్కడో అతికించారు" అని అతని మీద నింద వేయడం అన్యాయం.

వెలుగుబాట:
వందనాలు. నేను సండే స్కూల్ టీచర్‌ని. ఇది తర్వాత చేర్చారని అందరూ అంటున్నారు, తీసేశారని ఎందుకు అనుకోకూడదు? ప్రాచీన సంఘ పితరుడు అగస్టీన్ ఆ మాటే అన్నాడు. విశ్వాసం తక్కువైన కొందరు, దీన్ని చదివి తమ భార్యలు పాపానికి తెగిస్తారేమోనన్న భయంతో తీసేశారని రాశాడు. కుటుంబాల్లో మగవాళ్ల భయాలు ఎలా ఉంటాయో మనకు తెలియనిది కాదు.

ఇంకొకటి. గ్రీకు సంఘాల్లో పెంతెకొస్తు పండుగ రోజు చదివే భాగం యోహాను 7:37-52. అక్కడి నుంచి నేరుగా 8:12కి దూకి ముగిస్తారు. చదివేవాడికి "ఇక్కడ వదిలెయ్" అని పెట్టిన గుర్తును ఒక లేఖకుడు పొరపాటున "తీసెయ్" అనుకుని ఉండొచ్చు కదా?

పారిస్‌లోని ఎల్ ప్రతి, 8వ శతాబ్దానిది, ఇక్కడ ఖాళీ వదిలింది. సెయింట్ గాలెన్‌లోని డెల్టా ప్రతి 9వ శతాబ్దానిది. అందులో లేఖకుడు 7:52 తర్వాత 8:12 మాటలు మొదలుపెట్టి, ఆగి, చోటు ఖాళీగా వదిలి, కింద మళ్లీ అవే మాటలతో మొదలుపెట్టాడు. ముందున్న ప్రతిలో కథ లేదు, కానీ ఇక్కడ ఏదో ఉండాలని అతనికి తెలుసు. తెలియకపోతే ఎందుకు ఆగుతాడు?

సత్యాన్వేషి:
సిస్టర్, అగస్టీన్ చెప్పింది ఆయన ఊహ. అలా తీసేసిన ప్రతిని ఆయన చూపించలేదు. కథ నిజంగా యోహానుదైతే ఒక్క చోట కుదురుగా ఉండాలి కదా? "కుటుంబం 13" అనే ఇంకో గుంపు ప్రతుల్లో ఇది లూకా 21:38 తర్వాత ఉంది. 225 నంబరు ప్రతిలో యోహాను 7:36 తర్వాత ఉంది. మన చాటుపద్యాలు చూడండి. ఒకే పద్యం ఒకచోట శ్రీనాథుడిదంటారు, ఇంకోచోట మరొకరిదంటారు. ఊరూరా తిరిగే పద్యానికి సొంత ఊరు ఉండదు, ఇదీ అంతే.

పాతప్రతి:
చాటువుల పోలిక బాగుంది, కానీ లూకా విషయంలో తొందరపడ్డారు. గ్రీకు సంఘపు పంచాంగంలో అక్టోబరు 7 సెర్గియుస్, బాక్కుస్ అనే హతసాక్షుల రోజు. ఆ రోజు పాఠం లూకా 21:12-19. మర్నాడు, అక్టోబరు 8, పెలాగియా అనే పరిశుద్ధురాలి రోజు. ఆ రోజు పాఠం ఈ కథే, యోహాను 8:3-11. రెండు రోజుల పాఠాలూ దగ్గర దగ్గరగా దొరకాలని ఎవరో కథను లూకా 21 చివరికి తెచ్చి పెట్టారంటే సరిగ్గా అతుకుతుంది. చదివేవాడికి పేజీలు తిప్పే శ్రమ తగ్గుతుంది. అది కథకు ఊరు లేకపోవడం వల్ల జరిగింది కాదు, ఆరాధన సౌకర్యం కోసం జరిగింది.

వెలుగుబాట గారూ, మీరు చెప్పిన పెంతెకొస్తు వాదం నాకూ ఇష్టమే. చాలాకాలం దాన్నే నమ్మాను. కానీ పెలాగియా పాఠం 8:3తో మొదలవుతుంది, ప్రతుల్లో మాయమైంది 7:53 నుంచి. పైగా పపైరస్ 66 నాటికి అంత స్థిరపడిన పాఠాల పట్టిక ఉందని చూపించలేం. భాష కూడా మన పక్షాన లేదు. "శాస్త్రులు" అన్న మాట యోహాను సువార్త మొత్తంలో ఇక్కడ తప్ప కనబడదు. ఒలీవల కొండ పేరూ అంతే. కాబట్టి యోహాను దీన్ని ఈ చోట రాశాడని నేను అనలేను. అనాలని మనసు కొట్టుకుంటుంది, అయినా అనలేను.

అలాగని ఇది మధ్యయుగాల్లో పుట్టిన కథ కానే కాదు. కేంబ్రిడ్జిలో ఉన్న బేజా ప్రతిలో ఉంది, అది సుమారు 5వ శతాబ్దానిది. 4వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో అంధుడైన దిదిముస్‌కు ఈ కథ తెలుసు, కొన్ని సువార్తల్లో ఉందన్నాడు. చాలా గ్రీకు, లాటిన్ ప్రతుల్లో ఉందని బైబిల్‌ను లాటిన్‌లోకి తెచ్చిన జెరోమ్ రాశాడు.

బాసెల్ ప్రతి నాటివాడే జిగబెనుస్ అనే బైజాంటియన్ వ్యాఖ్యాత ఉన్నాడు, 12వ శతాబ్దం. మంచి ప్రతుల్లో ఇది లేదు, లేదా అనుమానపు గుర్తు పెట్టి ఉంది అని చెప్పాడు. చెప్పి, ఆ కథకు వ్యాఖ్యానం రాశాడు! ఆ కాలంలో చదువుకున్నవాళ్లకు ఈ సంగతంతా తెలుసు. మనకే ఇప్పుడు కొత్తగా తెలిసి టెన్షన్ పడుతున్నాం.

సత్యాన్వేషి:
అక్టోబరు పాఠాల సంగతి నాకు తెలియదు, లూకా మాట వెనక్కి తీసుకుంటున్నాను. "ఎవరో అతికించారు" అన్నదీ నోరు జారిన మాటే. అయితే నా ఓటు మారలేదు. యోహాను రాయని దాన్ని యోహాను సువార్త మధ్యలో, ఏ గుర్తూ లేకుండా అచ్చువేయడం పాఠకుడికి చేసే అన్యాయం. బాసెల్ లేఖకుడు చేసినట్టు గమనిక రాసి చివర్లో పెట్టండి, నాకు అభ్యంతరం లేదు.

వెలుగుబాట:
చివర్లో పెడితే ఎవరు చదువుతారు బ్రదర్? దాని చోటనే ఉంచి గమనిక పెట్టొచ్చు. మా సండే స్కూల్ పిల్లలు "రాయి వేయవచ్చును" అన్న వాక్యం దగ్గరికి రాగానే గుసగుసలు ఆపేస్తారు. యేసు నేల మీద ఏం రాశాడని అడగని పిల్లవాడు లేడు.

కృష్ణాతీరం:
అందరికీ థాంక్స్. పాతప్రతి అన్నా, ఆ గమనిక సారాంశాన్ని పెద్దక్షరాల్లో ప్రింట్ తీశాను. ఆదివారం ఆ తమ్ముడి చేతే ముందు గమనిక, తర్వాత కథ చదివిస్తాను. అడిగితే సరేనన్నాడు. ఆ అమ్మకు కూడా ఫోన్ చేశాను. మోకాళ్ల నొప్పులట, ఆటో మాట్లాడి తీసుకొస్తానని చెప్పాను.