హనుమకొండలో సొహరాయ్ వంట: సాల ఆకు లేకుండా జిల్ పిఠా చేయవచ్చా?

ప్రశ్న (హనుమకొండ నుంచి)

మా ఇంటి పై వాటాలో జార్ఖండ్‌లోని దుమ్కా జిల్లాకు చెందిన సంతాల్ తెగ దంపతులు అద్దెకు ఉంటున్నారు. సొహరాయ్ పండుగకు ఈసారి ఊరికి వెళ్లే వీలు లేనందున ఇక్కడే జిల్ పిఠా (మాంసం కలిపిన బియ్యప్పిండిని సాల ఆకుల మధ్య కాల్చే రొట్టె) వండుకుంటామని వారు చెప్పగా, కావలసిన సరుకులు నేను సమకూరుస్తానని మాట ఇచ్చాను. బియ్యప్పిండి ఎలాంటిది ఉండాలి, సాల ఆకు దొరకని మన వైపు దానికి బదులు ఏ ఆకు వాడవచ్చు, ఆ వంటలో ఇంటి యజమానురాలినైన నేను చేయి వేయకూడని పని ఏదైనా ఉంటుందా అన్నవి నా సందేహాలు. వారినే అడగవచ్చు గానీ, అడిగితే మొహమాటానికి ఏదైనా సరేనంటారేమోనని ఇక్కడ రాస్తున్నాను.

జవాబు 1 (గోదావరిఖని నుంచి)

ఉద్యోగరీత్యా కొంతకాలం దుమ్కాలో ఉండి వచ్చినవాణ్ణి కనుక చూసినంతవరకు చెబుతాను. సొహరాయ్ పంటకూ పశువులకూ చెందిన పండుగ. కొన్ని ప్రాంతాల్లో దీపావళి రోజులలోనే చేసుకుంటారు గానీ, దుమ్కా ఉన్న సంతాల్ పరగణాలలో మాత్రం వరి కోతలు ముగిసిన తరువాత, పుష్యంలో, దాదాపు మన సంక్రాంతి రోజులలో జరుపుకుంటారు. అందువల్ల పిండి విషయంలో మీకు ఇబ్బంది లేదు. మనం సకినాలకు కొత్త బియ్యం నానబెట్టి, వడగట్టి, తడి పూర్తిగా ఆరకముందే గిర్నిలో పట్టిస్తామే, ఆ పిండే దీనికి కూడా సరిపోతుంది. దుకాణంలో దొరికే పొడిపిండితో చేస్తే పిఠా గట్టిపడి పెళుసుగా విరుగుతుంది. ఆ వారంలో గిర్నీల దగ్గర రద్దీ ఎలా ఉంటుందో మీకు తెలియనిది కాదు, కాబట్టి పిండి ముందురోజే పట్టించుకోండి.

మేకమాంసమైనా కోడిమాంసమైనా ఎముక లేకుండా సన్నగా తరిగి, ఉల్లి, అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి, పసుపు, ఉప్పు వేసి పిండిలో కలుపుతారు. కొందరు పచ్చి మాంసమే కలుపుతారు గానీ, అలవాటు లేనివారు ముందుగా కాస్త ఉడికించి కలుపుకోవడం క్షేమమని నా అభిప్రాయం. పిండి గారెల పిండి కంటే కొంచెం జారుగా ఉంటే చాలు. ఆకు మీద పలుచగా పరచి, పైన మరొక ఆకు కప్పి, పెనం మీద సన్నని సెగపై మూతపెట్టి, రెండు వైపులా తిప్పుతూ కాల్చాలి. నూనె మాత్రం ఆవనూనే వాడండి. పల్లీనూనెతో చేస్తే తినడానికి బాగానే ఉంటుంది గానీ వారికి పండుగ వాసన రాదు.

జవాబు 2 (ములుగు నుంచి)

మన అడవులలో టేకుదే ఆధిక్యం. సాల వృక్షం కోసం ఇక్కడ వెతకడం వృథా. విస్తర్లు కుట్టే మోదుగాకు గానీ అడ్డాకు గానీ పచ్చివి దొరికితే వాడండి. బజారులో అమ్మే ఎండు విస్తరి మాత్రం పనికిరాదు, పెనం మీద ముందు అదే మాడిపోతుంది. ఏదీ దొరకకపోతే అరటాకును సెగకు చూపి మెత్తబరచి వాడుకోవచ్చు. అయితే ఆకు మారితే పిఠాకు పట్టే వాసన కూడా మారుతుందని వారికి ముందే చెప్పండి.

జవాబు 3 (ఉట్నూరు నుంచి)

పై ఇద్దరూ వంట గురించి బాగా చెప్పారు. మీ మూడవ సందేహమే నాకు ముఖ్యంగా తోచింది. సంతాల్‌ల పండుగలో దేవతలకు సమర్పించే వంట వేరు, ఇంట్లో అతిథులకు పెట్టే వంట వేరు. ఊరి జాహేర్ థాన్‌లో, అంటే సాల వృక్షాల పవిత్ర వనంలో, నాయకే అనే పూజారి మరాంగ్ బురు, జాహేర్ ఏరా మొదలైన దేవతలకు కోళ్లను బలి ఇస్తాడు. ఆ మాంసాన్ని బియ్యంతో కలిపి అక్కడే వండుతారు. దానిని ఎవరు వండాలి, ఎవరు తినాలి అన్నదానికి కట్టుబాట్లు ఉంటాయి. దానిని మీ వంటింట్లో చేయించాలని మాత్రం అనుకోకండి. జిల్ పిఠా అలాంటిది కాదు, చుట్టాలతోనూ ఇరుగుపొరుగుతోనూ పంచుకునే వంట కనుక మీరు పిండి కలిపినా తప్పు పట్టరు. ఇంట్లో గతించిన పెద్దల పేరిట కొంత తీసిపెట్టేవరకు ఎవరూ రుచి చూడకుండా ఉంటే చాలు.

మా వైపు గోండులు కూడా కొత్త పంటను దేవుడికి సమర్పించకుండా తినరు. అంతమాత్రాన రెండింటినీ కలిపి ‘గిరిజన వంట’ అనడం నాకు నచ్చదు. దేవతలు వేరు, కాలం వేరు, వండే తీరు వేరు.

ఇక అన్నాన్ని రాను అనే మూలికల బిళ్లలతో పులియబెట్టి చేసే హండియా కూడా పూజలో నైవేద్యమే. దానిని సమకూర్చే పని మీరు మీద వేసుకోవద్దు. పులియడానికి కొన్ని రోజులు పడుతుంది, బిళ్లలు ఇక్కడ దొరకవు. పెట్టాలో వద్దో వారే నిర్ణయించుకుంటారు.

ప్రశ్న అడిగినవారి స్పందన

ముగ్గురికీ ధన్యవాదాలు. ములుగు వారు చెప్పినట్లు పచ్చి అడ్డాకు కోసం ప్రయత్నిస్తాను. ఆవనూనె వారి దగ్గరే ఉందట. మాంసం ముందుగా ఉడికించాలా వద్దా అన్నది మాత్రం ఆ ఇల్లాలికే వదిలేస్తున్నాను.