పార్కుల పరిశోధనలోకి రావాలంటే ముందు అడవా, లెక్కలా?

సందేహి: జంతుశాస్త్రంలో ఎమ్మెస్సీ అయింది. జాతీయ పార్కుల మీద పరిశోధన చేయాలని ఉంది. నేరుగా పీహెచ్‌డీలో చేరాలా, రెండేళ్లు ఫీల్డ్ అసిస్టెంటుగా చేయాలా?

లెక్కలపిచ్చి: ముందు గణాంకాలండీ. జంతువు కనబడలేదంటే అక్కడ లేదని కాదు. ఉండీ కనబడకపోయే అవకాశాన్ని ఆక్యుపెన్సీ మోడల్ (జంతువు ఏయే చోట్ల ఉందో అంచనా వేసే గణాంక పద్ధతి) విడిగా లెక్కగడుతుంది, దానికి ఒక్కో చోటికి మూడు నాలుగు సార్లయినా వెళ్లాలి. ఒక్కసారి తిరిగొచ్చిన డేటాను ఏ సాఫ్ట్‌వేరూ బాగుచేయలేదు.

అడవిదారి: ముందు కెమెరా ట్రాప్, అంటే ఎదుట కదలిక ఉంటే దానంతటదే ఫొటో తీసే కెమెరా, సరిగ్గా కట్టడం రావాలిగా! ఏ పులి ఏదో చారలతోనే గుర్తుపడతాం, అవి కుడివైపు ఒకలా, ఎడమవైపు ఒకలా ఉంటాయి. అందుకే దారికి రెండు పక్కలా రెండు కెమెరాలు, నేలకు 45 సెంటీమీటర్ల ఎత్తున. సరిగ్గా ఎదురెదురుగా పెడితే ఒకదాని ఫ్లాష్ ఇంకోదానిలో కొడుతుంది, కాస్త పక్కకు జరపాలి. ముందున్న గడ్డి కోయకపోతే గాలికి ఊగిన ప్రతిసారీ ఫొటో, కార్డు నిండిపోతుంది. రెండు కెమెరాల గడియారాలు కలవకపోతే ఏ కుడివైపు ఫొటో ఏ ఎడమవైపు ఫొటోకి జతో తేలదు.

లెక్కలపిచ్చి: 45 ఏనుగుక్కూడానా?

అడవిదారి: పులి అని రాశాను. చదివి అడగండి.

లెక్కలపిచ్చి: చదివాకే అడిగాను. ఒకే కొలత అన్నిటికీ చెల్లదు.

గట్టుమీద: ఎత్తు దగ్గరే ఆగిపోయారు ఇద్దరూ! పార్కు వల్ల అడవి మిగిలిందా అన్నది వీటితో తేలదు. పార్కులు ఎక్కువగా సాగుకు పనికిరాని ఎత్తుల్లో, దూరాల్లో వెలిశాయి. పార్కు లేకున్నా అక్కడ చెట్లు మిగిలేవేమో! వాలు, ఎత్తు, రోడ్డు దూరం సరితూగే బయటి నేలతో పోల్చాలి. 2030కల్లా 30 శాతం నేల, సముద్రం కాపాడాలని 2022లో మాంట్రియల్‌లో కుదిరిన కున్మింగ్-మాంట్రియల్ జీవవైవిధ్య ఒప్పందంలో దేశాలు ఒప్పుకున్నాయి. ఈ పోలిక తెలిసినవాళ్లకు పని ఉంటుంది, భూగోళం చదివినా, ఆర్థికశాస్త్రం చదివినా.

అడవిదారి: పని ఉంటుంది, పేరు ఎవరికి? కెమెరా కట్టినవాడు కృతజ్ఞతల పేరాలో, ఏసీ గదిలో మోడల్ నడిపినవాడు మొదటి రచయిత. "ముందు లెక్కలు" అన్న సలహా అక్కడినుంచే వస్తోంది.

లెక్కలపిచ్చి: కెమెరా కట్టినంత మాత్రాన రచయిత అయిపోరు.

అడవిదారి: ఏ దారిలో కట్టాలో తేల్చింది అతనే. అది డిజైన్ కాదా?

లెక్కలపిచ్చి: అది డిజైనే, ఒప్పుకుంటా. అయితే రచయితగా పేరుండాలంటే రాతప్రతి దిద్దడానికీ అతన్ని పిలవాలి. పిలవరు, అదీ తప్పే.

సందేహి: పార్కు అనుమతికి ఎప్పుడు పెట్టుకోవాలి?

గట్టుమీద: ప్రతిపాదన ఖాయమైన రోజే. అనుమతి ఆలస్యమై ఒక సీజన్ పోతే ఏడాది పోయినట్టే. డేటా ఎవరిది, పేపర్లో ఎవరి పేర్లు అన్నది పరిశోధన గైడుతో అప్పుడే కాగితం మీద పెట్టించుకోండి.